రెజల్యూట్ నుంచి గ్రీస్ ఫియోర్డ్‌కి ఎంత దూరం?

కెనడాలో ఉంటూ, ఉద్యోగం కోసమో చూడాలన్న ఆశతోనో ఉత్తరధ్రువం వైపు వెళ్లదలచుకున్నవారి కోసం ఈ నాలుగు మాటలు.

కెనడా ఉత్తరాన ఉన్న నునావుట్ ప్రాంతంలో రెజల్యూట్ బే, గ్రీస్ ఫియోర్డ్ అని ఇన్యూట్ ఆదివాసుల ఊళ్లు రెండున్నాయి. 2021 జనాభా లెక్కల్లో ఏ ఊళ్లోనూ రెండు వందల మంది లేరు. మధ్యలో ఆకాశమార్గాన దూరం సుమారు 385 కిలోమీటర్లు. రోడ్డు లేదు. సరుకుల ఓడ ఏడాదికోసారి, వేసవిలో వస్తుంది. తక్కిన రోజుల్లో విమానమే దిక్కు.

మెర్కేటర్ పద్ధతిలో గీసిన ప్రపంచ పటం మీద స్కేలు పెట్టి ఈ దూరం కొలవకండి. ఆ అక్షాంశాల దగ్గర పటం దూరాలను దాదాపు నాలుగింతలు సాగదీస్తుంది. ఒక డిగ్రీ రేఖాంశం హైదరాబాదు దగ్గర 106 కిలోమీటర్లుంటే, అక్కడ 28కి కుదించుకుపోతుంది. దిక్సూచిని నమ్మేందుకూ లేదు. అయస్కాంత ధ్రువం చేరువలో ఉండడం వల్ల అది తడబడుతుంది. అందుకే రెజల్యూట్ రన్‌వే నంబరును అయస్కాంత ఉత్తరంతో కాక భౌగోళిక ఉత్తరంతో లెక్కగడతారు.

సరే, 385 కిలోమీటర్లే కదా, గంటన్నరలో దిగిపోతాం అనుకుంటారు. గాలిలో ఉండేది అంతే. ట్విన్ ఆటర్ అనే చిన్న విమానం, రెండు ప్రొపెల్లర్లు. గ్రీస్ ఫియోర్డ్‌లో అది దిగేది ఐదు వందల మీటర్ల కంకర రన్‌వే మీద. ఒకవైపు కొండలు, మరోవైపు సముద్రం. గాలి అడ్డంగా వీచినా, మబ్బు కిందికి దిగినా పైలట్ వెనక్కి తిప్పుతాడు. తిరుగు ప్రయాణానికీ ఇంధనం మోసుకెళ్లాలి గనుక బరువు దగ్గర గీచి గీచి చూస్తారు. మీరు చేరినా మీ పెట్టె మరో విమానంలో రావచ్చు. మందులు, వెచ్చని బట్టలు చేతిసంచిలోనే ఉంచుకోండి. సర్వీసు రోజూ ఉండదు. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ కొన్ని రోజులు అదనంగా పెట్టుకోండి. తర్వాతి విమానానికి టికెట్ అదే రోజుకు తీసుకోవద్దు.

ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. 1953లోనూ 1955లోనూ కెనడా ప్రభుత్వం ఉత్తర క్యుబెక్ తీరంలోని ఇనుక్జువాక్ నుంచి ఇన్యూట్ కుటుంబాలను ఈ రెండు చోట్లకూ తరలించింది. నచ్చకపోతే రెండేళ్లలో వెనక్కి పంపుతామని చెప్పింది. ఆ మాట నిలబెట్టుకోలేదు. అందరినీ ఒక్కచోట దింపరని, బంధువులను విడదీస్తారని ఆ మొదటిసారి వెళ్లినవారికి ఓడ మీదే తెలిసింది. ప్రభుత్వం క్షమాపణ చెప్పింది 2010లో. మనకు టైమ్‌టేబుల్‌లో ఒక అంకెగా కనబడే ఆ 385 కిలోమీటర్లు ఆ అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ ఎంత దూరమో ఆలోచించండి.

ఇక, ఇప్పుడు ఆ చిన్న విమానంలో మీ పక్కన కూర్చునేది చాలాసార్లు ఆసుపత్రికి బయలుదేరిన మనిషి. గర్భిణులు కాన్పుకు వారాల ముందే ఇల్లు వదిలి, సుమారు 1,500 కిలోమీటర్ల దూరాన ఉన్న నునావుట్ రాజధాని ఇకాలుయిట్ దాకా వెళ్లవలసి వస్తుంది. సీట్లు తక్కువ. అలాంటివారికి చోటు కావాలని కౌంటర్ దగ్గర అడిగితే, సణగకుండా మీ తేదీ మార్చుకోండి.