తరగతికో టీచరు



దివంగతులైన మాస్టారి పేరిట ఏర్పాటైన ఈ ఎండోమెంటు సభకు ఆయన కుటుంబంవారు నన్ను పిలుస్తూ ఒక షరతు పెట్టారు. ఆయన్ని పొగడొద్దు, బడి గురించి మాట్లాడండి అన్నారు. బ్యానరు మీద ఆయన పేరుంది. ఈ హాల్లో సగంమంది ఆయన ముందు చేతులు కట్టుకుని ఎక్కాలు అప్పజెప్పినవాళ్లే. అందుకని నేరుగా విషయంలోకి వస్తాను.

మన కాలనీకి జలగం వెంగళరావుగారి పేరు పెట్టుకున్నాం. ఆయన 1973 చివరి నుంచి 1978 దాకా ముఖ్యమంత్రి. ఆయన హయాంలోనే, 1976లో, అన్నపూర్ణ స్టూడియో మొదలైంది. సినిమా మద్రాసు నుంచి మెల్లగా ఇటు హైదరాబాదుకు కదులుతున్న రోజులవి. కొండమీద బంగళాలు లేస్తే, కొండకింద కృష్ణానగర్, యూసుఫ్‌గూడ, రహమత్‌నగర్, బోరబండ నిండాయి. జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్లు, డ్రైవర్లు, మేస్త్రీలు, ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు వచ్చి చేరారు. వాళ్ల పిల్లలు ఎక్కడ చదువుతున్నారు? పొద్దున ఎనిమిదిన్నరకి ఏ సందు చివర నిలబడినా తెలుస్తుంది. మెడలో టై, వీపున బరువు సంచి, ఆటోలో కిక్కిరిసిన పసివాళ్లు. సర్కారు బడి నడకదూరంలోనే ఉంటుంది. అందులో ఫీజు లేదు, పుస్తకాలు ఉచితం, మధ్యాహ్నం అన్నం పెడతారు. అయినా ఆటో అటు వెళ్లదు.

ఎందుకని అడిగితే సిద్ధంగా ఉండే జవాబు ఇంగ్లీషు మోజు. ఆ మోజు లేదనను. కానీ తెలంగాణలో 2022-23 నుంచి సర్కారు బడుల్లోనూ ఇంగ్లీషు మీడియం వచ్చింది. ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లీషు ఉన్న పాఠ్యపుస్తకాలూ వచ్చాయి. ఆటోలు తగ్గాయా? ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ఇంగ్లీషు మీడియం జీవో వచ్చింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. మీడియం మీద మనం పత్రికలు నింపేశాం, టీవీల్లో గొంతులు చించుకున్నాం. ఈ గొడవలో అసలు సంగతి పక్కకు పోయిందని నా అభిప్రాయం. తల్లిదండ్రులు బడికి వెళ్లి మొదట చూసేది బోర్డు మీది భాషని కాదు. ఎన్ని గదుల్లో పిల్లలున్నారు, ఎన్ని గదుల్లో టీచరుంది అన్నది చూస్తారు.

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. దాని షెడ్యూలు తెరిస్తే, ఒకటి నుంచి ఐదు దాకా పిల్లలు అరవైమంది వరకు ఉంటే ఇద్దరు టీచర్లు చాలంటుంది. తొంభై దాకా ముగ్గురు, నూటఇరవై దాకా నలుగురు. నూటఇరవై ఒకటో పిల్లవాడు చేరితే తప్ప ఐదు తరగతులకు ఐదుగురు రారు. అంటే ఏ అధికారీ తప్పు చేయకపోయినా, ఒక్క పోస్టూ ఖాళీ లేకపోయినా, చట్టాన్ని తుచ తప్పకుండా పాటించినా, చిన్నబడిలో ఒక టీచరు రెండు మూడు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టుకోవాల్సిందే. ముప్పైమందికి ఒక టీచరు అన్న నిష్పత్తి కాగితం మీద ముద్దుగా ఉంటుంది. ఆ ముప్పైమందిలో అక్షరాలు దిద్దేవాడూ భాగహారం చేసేవాడూ పక్కపక్కన కూర్చున్నారన్న సంగతి నిష్పత్తికి తెలియదు.

చిన్నబడిలోని ఆ ఇద్దరు టీచర్లలో ఒకరిని బీఎల్వో (ఓటర్ల జాబితా చూసే బూత్‌స్థాయి అధికారి) డ్యూటీకి పిలుస్తారు. జనాభా లెక్కలకు, విపత్తు సహాయానికి, ఎన్నికలకు టీచర్లను వాడుకోవచ్చని అదే చట్టం 27వ సెక్షన్‌లో ఒప్పుకుంది. 2024 నవంబరులో తెలంగాణ రాష్ట్రమంతటా ఇంటింటి సర్వే జరిగినప్పుడు సెకండరీ గ్రేడ్ టీచర్లను (ఎస్జీటీలను) గడపగడపకూ తిప్పి, ప్రాథమిక బడులను ఒంటిపూట నడిపారు. ఎండాకాలపు ఒంటిపూట బడి మనకు తెలుసు. చలికాలంలో అదేమిటని ఎవరూ పెద్దగా అడగలేదు.

ఒక టీచరు, అనేక వయసుల పిల్లలు అన్నది కొత్త కష్టం కాదు. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో జిల్లాల్లోని బడుల లెక్కలు పంపమని కలెక్టర్లను అడిగాడు. మరుసటేడు బళ్లారి నుంచి కలెక్టరు క్యాంప్‌బెల్ రాసి పంపిన నివేదిక ఇప్పటికీ చదవదగ్గది. తెలుగు వ్యాకరణం రాసిన క్యాంప్‌బెల్ ఇతనే. జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు అని లెక్క చెప్పాడు. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు నేర్పే పద్ధతిని మెచ్చుకున్నాడు, అర్థం తెలియకుండా వల్లె వేయించడాన్ని తప్పుపట్టాడు. ఇంగ్లండు బట్ట వచ్చి నేతగాళ్ల జీవనం దెబ్బతినడంతో ఫీజు కట్టలేక పిల్లలు బడి మానుతున్నారని కూడా రాశాడు, కంపెనీ ఉద్యోగి అయి ఉండి.

ఆ వీధిబడిలో ఒక్క పంతులే అందరికీ చాలాడంటే అక్కడ తరగతులు లేవు గనక. ఎవరి చదువు వారిది, ఎవరి నడక వారిది. తర్వాత మనం తరగతులు పెట్టాం, తరగతికో పుస్తకం, నెలకో సిలబస్, ఏడాదికో పరీక్ష పెట్టాం. పంతుల్ని మాత్రం వీధిబడి లెక్కలోనే ఉంచాం. ఈ ముడిని విప్పడానికి గట్టిగా పూనుకున్నది మదనపల్లె దగ్గరి రిషివ్యాలీవారు. చుట్టుపక్కల ఊళ్లలో వాళ్లు నడిపిన చిన్నబడుల్లో పాఠ్యపుస్తకాన్ని కార్డులుగా విడగొట్టి, ఏ పిల్లవాడు ఏ మెట్టు మీదున్నాడో వాడే చూసుకునేలా నిచ్చెన పటం తయారుచేశారు. తమిళనాడు ఆ పద్ధతిని వేలబడులకు తీసుకుపోయింది. మన దగ్గర పుట్టినదాన్ని మనం ప్రదర్శనకు పెట్టుకున్నాం.

మరి ఆటోలు వెళ్లే ప్రైవేటు బడి బాగా చెబుతుందా? 2008 నుంచి నాలుగేళ్లపాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఐదు జిల్లాల్లో, 180 ఊళ్లలో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఒక పరిశీలన చేశారు. సర్కారు బడి పిల్లల్లో లాటరీ తీసి, గెలిచినవారికి ప్రైవేటు బడి ఫీజు కట్టారు. నాలుగేళ్లయ్యాక తెలుగులో, లెక్కల్లో గెలిచినవారికీ గెలవనివారికీ తేడా లేదు. ప్రైవేటు పిల్లలకు హిందీ మాత్రం మెరుగ్గా వచ్చింది. అయితే ప్రైవేటు బడి ఒక్కో పిల్లవాడి మీద పెట్టిన ఖర్చు సర్కారు ఖర్చులో మూడో వంతు కూడా లేదు. ప్రైవేటువాళ్లు ఇది చూపి గర్వపడతారు. నాకు మాత్రం ఇందులో కనబడేది గదిగదికీ నిలబడి, శిక్షణ లేకుండా, అతి తక్కువ జీతానికి పనిచేసే ఆడపిల్ల. మన గల్లీల్లోనూ టీచరమ్మ అంటే చాలాసార్లు ఆమే. ఆమె చౌకశ్రమ మీద నిలిచిన చదువు అది.

ఇంకొక విషయం. పోటీ ఒకటో తరగతిలో జరగడం లేదు, అంతకు ముందే అయిపోతోంది. కాన్వెంటు పిల్లవాణ్ణి మూడేళ్లకే నర్సరీలో చేర్చుకుంటుంది. సర్కారు బడి చాలాచోట్ల ఐదేళ్లు నిండేదాకా ఆగుతుంది. ఆ మధ్యకాలానికి అంగన్‌వాడీ ఉంది గానీ, 1975లో మొదలైన ఆ పథకం నడిచేది స్త్రీ, శిశు సంక్షేమ శాఖ కింద. ఆ టీచరమ్మ గర్భిణుల లెక్క రాయాలి, పిల్లల్ని తూకం వేయాలి, పాలు, గుడ్లు పంచాలి, ఆ పైన అఆలు. మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే దశ అని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. రెండు శాఖల ఫైళ్లకు ఆ సంగతి ఇంకా పూర్తిగా చేరలేదు. పిల్లల్ని బడిలో చేర్పించే ‘బడిబాట’ పట్టి జూన్‌లో మాస్టార్లు ఇల్లిల్లూ తిరిగేసరికి, యూకేజీ ఫీజు కట్టేసిన తల్లి తలుపు దగ్గరే నవ్వి పంపేస్తుంది.

మన ప్రాంతానికే చెందిన మాట ఒకటి చెప్పి ముగింపుకు వస్తాను. బాలకార్మిక చట్టానికి 2016లో జరిగిన సవరణ తర్వాత పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టకూడదు. కానీ కుటుంబ వృత్తులకూ, సినిమా, టీవీలకూ మినహాయింపు ఇచ్చారు. 2017 నిబంధనల ప్రకారం బాలనటుడు రోజుకు ఐదు గంటలకు మించి, వరుసగా ఇరవై ఏడు రోజులకు మించి పనిచేయరాదు. సంపాదనలో కనీసం ఇరవై శాతం వాడి పేరిట డిపాజిట్ చేయాలి, చదువు ఆగకూడదు. నిబంధనలు మంచివే. గుంపు సీన్లలో కనిపించే పిల్లలు ఏ రోజు బడికి రాలేదో గమనించేది ఎవరు? ఆ తరగతికంటూ ఒక టీచరుంటే ఆమె గమనిస్తుంది.

ఈ ఎండోమెంటు వడ్డీతో మన బడిలో ఒక విద్యావాలంటీరును పెట్టవచ్చా అని నిర్వాహకులు అడిగారు. పెట్టండి. ప్రైవేటు బడుల పరిశీలన చేసిన ఆ ఇద్దరు పరిశోధకులే ఉమ్మడి రాష్ట్రంలోనే లాటరీతో ఎంచిన వంద సర్కారు బడులకు ఒక్కో కాంట్రాక్టు టీచరును అదనంగా ఇచ్చి చూశారు. రెండేళ్లలో లెక్కల్లో, భాషలో పిల్లలు ముందుకొచ్చారు. ఎక్కువ మేలు జరిగింది ఒకటో తరగతికి, మారుమూల బడులకు. కాబట్టి మీరు పెట్టే అమ్మాయిని ఒకటో తరగతికే ఇవ్వండి, వేసవి రెండు నెలలకూ జీతం ఇవ్వండి. ఆమెను పెట్టిన రోజే బడి యాజమాన్య కమిటీలో తీర్మానం రాయించండి. ఈ బడిలో ఇన్ని తరగతులున్నాయి, ఇంతమంది టీచర్లే ఉన్నారు, కొరతను మరణించిన ఒక ఉపాధ్యాయుడి పేరిట వచ్చిన డబ్బుతో పూరిస్తున్నాం, ఈ పోస్టు సర్కారుది అని రాయించండి. కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలని విద్యాహక్కు చట్టమే చెప్పింది. సంతకాలు వాళ్లవే తీసుకుని, కాపీ విద్యాధికారి ఆఫీసులో ఇచ్చి, ముద్ర వేసిన రసీదు తెచ్చుకోండి. ఏటా జూన్‌లో మళ్లీ ఇవ్వండి.