వెనుదిరగడం తెలిసిన నడక



హొసూరు పట్టణానికి దక్షిణంగా, డెంకణికోట దాటి అంచెట్టి వైపు సాగే దారిలో మేలగిరి కొండలు ఎదురవుతాయి. ఆ కొండలకు ఆవలి అంచున కావేరి ప్రవహిస్తుంది. 2014లో తమిళనాడు ప్రభుత్వం ఈ ప్రాంతంలో సుమారు 504 చదరపు కిలోమీటర్ల అడవిని కావేరి ఉత్తర వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. 2022లో దానికి తోడుగా సుమారు 686 చదరపు కిలోమీటర్ల కావేరి దక్షిణ అభయారణ్యం ఏర్పడింది. ఏనుగు, చిరుత, ఎలుగుబంటి, అడవిదున్న, కణుజు, చుక్కల దుప్పి ఇక్కడి నివాసులు. నదీతీరపు మద్దిచెట్లపై బూడిదవన్నె పెద్ద ఉడుత, నీటిలో మొసలి, నీటికుక్క కనిపిస్తాయి.

పట్టణవాసులకు ఇది దూరపు అడవి కాదు. రాగి పంట కోతకు వచ్చే కాలంలో బన్నేరుఘట్ట వైపు నుండి ఏనుగుల మందలు తళి మీదుగా దిగివస్తాయి. కొన్ని సానమావు అడవిలో రోజుల తరబడి మకాం వేస్తాయి. ఆ రాత్రులలో పల్లె రైతు మంచెపై మేలుకొని ఉంటాడు. ఆ రైతు ఇంట తెలుగు కావచ్చు, కన్నడం కావచ్చు, తమిళం కావచ్చు. ఏనుగు అలికిడి విన్న చెవికి భాషాభేదం లేదు.

ఇటీవల సెలవు దినాలలో కాలినడకన అడవి చూడాలనే ఉత్సాహం యువతలో పెరిగింది. ఇది హర్షించదగిన విషయం. వాహనంలో కూర్చుని చూసే అడవికీ, పాదం మోపి తెలుసుకునే అడవికీ ఎంతో తేడా ఉంది. అయితే ఈ ఉత్సాహానికి ఒక వివేకం తోడు కావాలి. ఎండుటడవి నడకలో గమ్యం చేరడం కంటే, మార్గదర్శి ఆగమన్నచోట ఆగి, తిరగమన్నచోట తిరగడమే ప్రధానమైన విద్య. ఈ ప్రసంగ సారాంశం ఇంతే.

ఎండుటడవి అంటే ఏమిటో ముందుగా గ్రహించాలి. సతతహరితారణ్యంలో ఏడాది పొడవునా ఆకు ఉంటుంది. ఇక్కడ అలా కాదు. జనవరి గడిచేసరికి నేలలో తేమ తగ్గుతుంది. ఆకుల ద్వారా నీరు ఆవిరైపోకుండా చిరుమాను, మోదుగ, రేల వంటి చెట్లు ఆకులు రాలుస్తాయి. ఆ పొదుపే వాటికి ప్రాణరక్ష. ఫాల్గుణంలో ఆకులేని కొమ్మలపై మోదుగ పూలు నిప్పుకణికల వలె విరుస్తాయి. తొలకరి పడిన కొన్నాళ్లకే ఎండినట్లు కనిపించిన కొండ అంతా పచ్చబడుతుంది.

ఈ ఋతుధర్మంలోనే ఒక చిక్కు దాగి ఉంది. ఆకు రాలిన అడవిలో చూపు దూరం పోతుంది. వాగులు ఎండిపోవడం వల్ల జంతువులు మిగిలిన నీటి గుంటల వద్దకు చేరతాయి. కనుక వన్యప్రాణులను చూడటానికి అంతకంటే అనువైన కాలం లేదనిపిస్తుంది. కాని అడవి మనిషి రాకను ఏమాత్రం ఓర్చుకోలేని కాలం కూడా అదే. గుంట గట్టున మనుషుల గుంపు కూర్చున్నంతసేపు దుప్పులు దప్పికతో పొదల వెనుకనే నిలిచిపోతాయి. పిల్లలతో వచ్చిన ఏనుగు దారి మార్చుకోవలసి వస్తుంది, లేదా ఎదురు తిరుగుతుంది. నేలంతా పరచుకున్న ఎండుటాకు, నిలువెత్తు ఎండుగడ్డి ఒక్క నిప్పురవ్వకు సిద్ధంగా ఉంటాయి.

2018 మార్చి 11న తేని జిల్లా కురంగణి కొండల్లో జరిగిన దుర్ఘటన ఇందుకు తీరని సాక్ష్యం. అక్కడి వాలులపై గడ్డి ఎండి ఉన్న రోజులవి. కొండనడకకు వెళ్లిన బృందాలను దావానలం చుట్టుముట్టింది. ఆ మంటల వల్ల 23 మంది ప్రాణాలు కోల్పోయారు. మృతులలో అధికులు యువతీయువకులు. నిప్పు వాలుపై కిందినుండి పైకి పాకే వేగం మనిషి పరుగుకు అందదు. మంట తనకంటే పైనున్న గడ్డిని ముందుగానే వేడిచేసి ఆరబెడుతుంది. గాలి తోడైతే ఆ వేగం మరింత హెచ్చుతుంది. అట్టి స్థలంలో ధైర్యం గాని, యౌవనం గాని అక్కరకు రావు. ఆ కాలంలో ఆ దారిన అడుగు పెట్టకపోవడమొక్కటే రక్ష.

2024 అక్టోబరులో తమిళనాడు ప్రభుత్వం కొండనడకల కోసం ఒక క్రమబద్ధమైన పథకాన్ని ప్రారంభించింది. పద్నాలుగు జిల్లాలలో 40 దారులను గుర్తించింది. కృష్ణగిరి జిల్లాలోని గుత్తిరాయన్ శిఖరపు దారి వాటిలో ఒకటి. ముందుగా అంతర్జాలంలో నమోదు చేసుకోవాలి. అడవిని నమ్ముకొని బ్రతికే గిరిజనుల నుండి, అడవి అంచు పల్లెల నుండి ఎంపికై శిక్షణ పొందినవారు మార్గదర్శులుగా వెంట నడుస్తారు. దావానల కాలంలో, ఫిబ్రవరి నడిమి నుండి ఏప్రిల్ నడిమి వరకు, నడకలు నిలిపివేస్తారు. ఆ రెండు నెలల విరామాన్ని వినోదానికి అడ్డంకిగా భావించేవారు కురంగణిని ఒక్కసారి తలచుకోవాలి.

చట్టం కూడా ఈ విషయంలో స్పష్టంగా ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 27వ విభాగం అభయారణ్య ప్రవేశానికి హద్దులు విధిస్తుంది. 28వ విభాగం ప్రకారం పర్యటనకు, ఛాయాచిత్రణకు, అధ్యయనానికి అనుమతి పొందాలి. 30వ విభాగం అభయారణ్యానికి నిప్పు పెట్టడాన్ని, నిప్పు రాజేసి వదిలివేయడాన్ని నిషేధిస్తుంది. సరదాగా వెలిగించిన చలిమంటకూ, ఆర్పకుండా విసిరిన చుట్టముక్కకూ అడవి దృష్టిలో భేదం లేదు.

ఇక మార్గదర్శి చేసే పని ఏమిటి? దారి చూపడం అందులో చిన్న భాగం మాత్రమే. ఆయన అడుగడుగునా అడవిని చదువుతాడు. పిడికెడు సన్నని మట్టిని జారవిడిచి గాలివాలు చూస్తాడు; మనుషుల వాసన ఏనుగు వైపు వీస్తున్నదో లేదో దానివల్ల తెలుస్తుంది. దారిపై పడిన లద్దె తడిని బట్టి మంద ఎంతసేపటి క్రితం నడిచిందో అంచనా కడతాడు. వెదురు విరిగిన చప్పుడు విని అందరినీ నిలబెడతాడు. చెట్టుపై కొండముచ్చు ఉలికిపాటుతో అరిచినా, చుక్కల దుప్పి హెచ్చరికగా కూసినా చిరుత సంచరిస్తున్నదేమోనని చెవి ఒగ్గుతాడు.

అడవి నడకలో మౌనం నియమమే. కాని ఆ నియమాన్ని ఎక్కడ సడలించాలో కూడా మార్గదర్శికి తెలుసు. పంతొమ్మిదవ శతాబ్ది ఆరంభంలో పూలమొక్కగా ఈ దేశానికి వచ్చిన లంటానా నేడు ఎండుటడవులను కమ్మివేసింది. ఆ పొదల మధ్య పది అడుగుల దూరంలో ఉన్న జంతువు సైతం కనిపించదు. ఎలుగుబంటి పుట్ట తవ్వి చెదలు పీల్చుకునే వేళ దానికి పరిసరాల ధ్యాస ఉండదు. దాని చూపు మందం. మనిషి హఠాత్తుగా దగ్గరపడితే భయంతో మీదికి వస్తుంది. అందువల్ల అట్టి చోట మార్గదర్శి కర్రతో నేల తట్టుతూ, గొంతు సవరించుకుంటూ నడుస్తాడు. ఎలుగుబంటికి తప్పుకునే వ్యవధి ఇవ్వడమే ఆ చప్పుడు ఉద్దేశం. చప్పుడు చేసి జంతువును బెదరగొట్టాడని నిందించేవారు ఆ వ్యవధి విలువ ఎరుగనివారు.

రుసుము చెల్లించినవారు తరచుగా ఒక పొరపాటు పడతారు. ఏనుగును చూపితేనే డబ్బుకు తగిన ఫలితం దక్కిందనుకుంటారు. ఇంకొంచెం ముందుకు పోదామని ఒత్తిడి చేస్తారు. అదనంగా ఏదైనా ఇస్తామని ఆశ పెడతారు. పల్లె యువకుడైన మార్గదర్శికి పట్టణపు పెద్దమనుషుల మాట కాదనడం సులభం కాదు. అతడు మొహమాటపడిన ఆ క్షణమే బృందానికి ముప్పు. కనుక బయలుదేరే ముందే, దారిలో అతని మాటే చివరి మాట అని అందరూ కలిసి ఒప్పుకోవాలి. సగం దారిలో తిరిగి వచ్చిన రోజు అతనికి దక్కవలసిన గౌరవంలో గాని, వేతనంలో గాని లోటు రాకూడదు. వెనుదిరగమని చెప్పగల స్వేచ్ఛ ఉన్నప్పుడే అతని జ్ఞానం ఇతరుల ప్రాణాలను కాపాడగలదు.

పాదచారులు పాటించవలసిన ఇతర నియమాలు సరళమైనవి. మట్టి, ఆకుల రంగుల దుస్తులు, పాదాన్ని పూర్తిగా కప్పే చెప్పులు ధరించాలి. సరిపడినంత నీరు వెంట తీసుకోవాలి. జంతువుల గుంటపై ఆధారపడరాదు. అగ్గిపెట్టె, సిగరెట్టు, సుగంధ ద్రవ్యాలు ఇంటివద్దనే విడవాలి. వరుసగా ఒకరి వెనుక ఒకరు నడవాలి. కోతులకు గాని, మరే జంతువుకు గాని తినుబండారం పెట్టరాదు. తెచ్చిన సంచి, సీసా తిరిగి పట్టణానికే చేరాలి. ఛాయాచిత్రం కోసం వరుస వీడి ఒక్క అడుగైనా పక్కకు వేయరాదు.

ఉపాధ్యాయులకు ఒక విన్నపం. విద్యార్థులను అడవికి తీసుకువెళ్లినప్పుడు, చూసిన జంతువుల పట్టికతో పాటు విన్న శబ్దాల పట్టికను కూడా రాయించాలి. అడవి అంచు పల్లెలో మంచెపై రాత్రులు గడిపిన పెద్దలు ప్రతి పాఠశాలకు అందుబాటులో ఉన్నారు. ఏనుగు కదలికల గురించి, గాలి గురించి, ఎండిన గడ్డి గురించి వారు తమ మాటలలో చెప్పేది పిల్లలు వినాలి. పంట నష్టపోయిన రైతు మాట విన్న విద్యార్థికి ఏనుగు కేవలం ఒక దృశ్యంగా మిగలదు. ఆ జంతువు దారీ, ఆ రైతు పొలమూ ఒకే నేలపై ఉన్నాయని తెలిసివస్తుంది.

ఒక ఉదయం బృందమంతా నాలుగు మైళ్లు నడిచి, ఒక్క ఏనుగునైనా చూడకుండా, మార్గదర్శి చేయెత్తినచోట నిలిచి, మారు మాట లేకుండా తిరిగి వచ్చిందనుకుందాం. ఆ గుంట వద్ద ఆ పూట ఒక మంద నిశ్చింతగా నీరు తాగి ఉంటుంది. ఆ సాయంత్రం ప్రతి ఇంటా పిల్లలు క్షేమంగా అన్నానికి కూర్చుని ఉంటారు. ఆ నడక విఫలమైందని ఎవరూ అనరాదు. ఎండుటడవిలో అంతకంటే సఫలమైన నడక లేదు.