ఆశ్రయపు కుక్కను ఆదుకొనుట
(ఆత్రేయపురం రైతు సమావేశములో చేసిన ప్రసంగము)



వరి ఆకు పసుపుబారగానే మీరు చేనును దున్నివేయరు. నీరు నిలిచినదా, జింకు లోపించినదా అని కారణము వెదకెదరు. గుర్రుమనే కుక్క విషయములోను ఈ విచక్షణ అవసరము.

1992లో శ్రీమతి అక్కినేని అమల హైదరాబాదులో స్థాపించిన బ్లూక్రాస్ వంటి ఆశ్రయములకు, యజమానులు వదలివేసిన కుక్కలు చేరుచుండును. మనిషిని చూడగానే మూలకు ఒదిగి గుర్రుమనేదానిని "ఇది కరిచే కుక్క" అని ఎవరూ తీసుకొనిపోరు. తోక ముడిచి, చెవులు వెనుకకు వాల్చి గుర్రుమనుట పొగరు కాదు, భయము. కొట్టి మాన్పించినచో భయము పోదు. హెచ్చరించకుండ కరచుట అలవాటగును.

అట్టి కుక్కను తెచ్చినచో ముందుగా పశువైద్యునికి చూపి రేబీస్ టీకా వేయించుడు. పాకలో ఒక మూల దానికి విడువుడు. రోజూ ఒకే వేళకు, ఒకే మనిషి అన్నము, నీరు పెట్టి పక్కకు తొలగవలెను. కళ్ళలోకి చూడరాదు, మీదకు వంగరాదు. అదే దగ్గరకు వచ్చువరకు ఆగవలెను, వారములు పట్టవచ్చును. పూతరేకులు పెట్టి మచ్చిక చేయబోకుడు. తీపి దానికి మంచిది కాదు. పిల్లలను దానివద్ద ఒంటరిగా విడువరాదు.

ఏ కుక్క కరచినను గాయమును సబ్బుతో, పారే నీటితో 15 నిమిషములు కడిగి, వెంటనే ఆసుపత్రికి పోయి టీకా వేయించుకొనుడు. పసరు, కారము పూయరాదు. రేబీస్ లక్షణములు కనిపించిన తరువాత బ్రతుకుట దాదాపు అసాధ్యము.

తోటకు కాపలా కోరువారు జాతికుక్కను కొనుటకు ముందు, ఒకసారి ఆశ్రయమునకు పోయి ఆ మూలనున్నదానిని చూచి రండు.