రంగు వేసినా మన పేరు మన పేరులాగే ఉండాలి
(యువజన శిక్షణ రోజున చేసిన ప్రసంగ పాఠం)

 

ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవం, దండారి, నాగోబా జాతర, కొమురం భీం వర్ధంతి... ఏది వచ్చినా మన గూడేల్లో ముందు లేచేది ఫ్లెక్సీనే. పట్నంలో చేయించిన బ్యానర్ హాస్టల్ గేటుకు కట్టాక పిల్లలచేత చదివించడం మాకు అలవాటు. ఒకసారి ఐదో తరగతి పాప 'ఆత్రం' అన్న ఇంటిపేరును 'ఆతం' అని చదివింది. తప్పు పాపది కాదు. అక్షరం పైన పసుపు, దిగేకొద్దీ ముదురు గోధుమరంగు, వెనకాల నలుపు. కింద ఉండే రవత్తు ఆ నలుపులో కలిసిపోయింది.

ఇలా ఒక రంగు మెల్లగా ఇంకో రంగులోకి జారడాన్ని గ్రేడియంట్ అంటారు. మనకది కొత్త కాదు. గుస్సాడీల తలపాగాలో నెమలి ఈక చూడండి, నీలం ఎక్కడ ఆగి ఆకుపచ్చ ఎక్కడ మొదలైందో గీత గీసి చెప్పలేం. దాన్నే కంప్యూటర్‌లో మనమే చేసుకోవచ్చు. గింప్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, యూనికోడ్ తెలుగును వత్తులు చెదరకుండా చూపిస్తుంది.

పద్ధతి ఇదీ. టెక్స్ట్ టూల్‌తో పేరు టైపు చేయండి. రామభద్ర లాంటి లావు ఫాంట్ తీసుకోండి, సన్నటి అక్షరంలో రంగు మారడం కనబడదు. లేయర్ మీద కుడి క్లిక్ చేసి 'ఆల్ఫా టు సెలెక్షన్' నొక్కితే అక్షరాల చుట్టూ చుక్కల గీత కదులుతుంది. ఇప్పుడు పైన ఖాళీ పారదర్శక లేయర్ ఒకటి పెట్టండి. రెండు రంగులు ఎంచుకుని, గ్రేడియంట్ టూల్‌తో పైనుంచి కిందికి లాగి ఎంటర్ కొట్టండి. రంగు అక్షరాల్లోనే నిండుతుంది. అసలు అక్షరాల లేయర్ కింద అలాగే ఉంటుంది కాబట్టి రంగు నచ్చకపోతే పై లేయర్ తీసేసి మళ్లీ వేసుకోవచ్చు.

ఇక అసలు మాట. ఇంగ్లీషు పెద్దక్షరాలు ఒకే గీత మీద నిలబడతాయి. మన తెలుగు అక్షరం కింద వత్తు వేలాడుతుంది. ఆత్రం, మెస్రం, కుమ్రం... మన ఇంటిపేర్లు ఎన్నింటికో కింద రవత్తు ఉంది. అందుకే అక్షరం అడుగున వచ్చే రంగుకూ వెనక రంగుకూ బాగా తేడా ఉండాలి. వెనక నలుపైతే అడుగున లేతరంగు రావాలి. వెనక తెలుపైతే ముదురు రంగు రావాలి. అంచు గీత పెట్టాలనుకుంటే 'సెలెక్ట్' మెనూలో 'గ్రో' ఉంది. సెలెక్షన్‌ను కొద్దిగా పెంచి, అక్షరాల కింద ఇంకో లేయర్‌లో ఆ రంగు నింపండి. ఎక్కువ పెంచారంటే సున్నా పూడిపోయి చుక్కవుతుంది.

ప్రింటుకు పంపే ముందు రెండు పరీక్షలు చేయండి. 'కలర్స్' మెనూలో 'డీశాచురేట్' నొక్కి నలుపు తెలుపుల్లో చూడండి. అప్పుడూ వత్తు కనబడితే సరే, వెంటనే కంట్రోల్ జెడ్ కొట్టి రంగులు వెనక్కి తెచ్చుకోండి. తర్వాత ఫోన్‌లో చిన్నగా చేసి, ఆ పేరు తెలియని పిల్లవాడిచేత చదివించండి. తెరమీద మెరిసే రంగు ఫ్లెక్సీ మీద కాస్త మందగిస్తుందనీ గుర్తుంచుకోండి. మార్పులకోసం ఎక్స్‌సీఎఫ్ ఫైల్ దాచుకుని, వాట్సాప్‌లో పంపడానికి పీఎన్‌జీగా ఎగుమతి చేయండి.

ఇంకొక్కటి. మన ఆదిలాబాద్ గుంజాలలో దొరికిన రాతప్రతుల్లోని గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. నోటో సాన్స్ గుంజాల గోండి ఫాంట్ ఉచితంగా దొరుకుతుంది. ఆ లిపిలో ఊరి పేరు రాసినప్పుడు ఆర్భాటపు రంగులు వద్దు. చాలామంది ఆ అక్షరాన్ని మొదటిసారి చూసేది మీ బ్యానర్ మీదే. అది స్పష్టంగా ఉంటేనే నేర్చుకుంటారు.

ఈ సాయంత్రం కంప్యూటర్ గది తెరిచే ఉంటుంది. ముందు ఎవరి ఇంటిపేరు వాళ్లు రాయండి. పక్కవాళ్లు తడబడకుండా చదివితే అప్పుడు ఊరి బ్యానర్ మొదలుపెడదాం.