ఒక అడుగు వెనుక నిలిచే విద్య



స్నాతకోత్సవం అన్న మాటలోనే ఈ వేడుక పుట్టుపూర్వోత్తరాలు ఉన్నాయి. గురుకులంలో చదువు ముగించిన విద్యార్థి చేసే మంగళస్నానం స్నాతకం, ఆ స్నానం చేసినవాడు స్నాతకుడు, అతడు గురువు దగ్గర సెలవు తీసుకొని ఇల్లు చేరే కార్యం సమావర్తనం. అలా బయలుదేరే శిష్యుడికి గురువు చేసే హితబోధ తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లిలో ఉంది. అందులో సత్యం, ధర్మం, స్వాధ్యాయం గురించిన బోధతో పాటు ఇతరులకు ఇచ్చేటప్పుడు మనసు ఎలా ఉండాలన్న ప్రస్తావన కూడా ఉండటం, అదీ ఎంత ఇవ్వాలో చెప్పకుండా ఎలా ఇవ్వాలో మాత్రమే చెప్పడం గమనించదగినది. సంపాదన ఇంకా మొదలుకాని వయసులో మనిషి ఇవ్వగలిగింది కాలమే కనుక, కాలాన్ని క్రమం తప్పకుండా ఇచ్చేవారి అనుభవం పట్టభద్రులకు ఏమి నేర్పగలదో పరిశీలించడం ఈ ప్రసంగ ఉద్దేశం. అందుకు ఆధారంగా తీసుకున్నది స్కౌట్ ఉద్యమంలో ఏళ్ల తరబడి జీతం లేకుండా పనిచేసే వయోజన సేవకుని జీవితం.

స్కౌట్ అనేది మొదట సైనిక పదం; దళం కంటే ముందు వెళ్లి దారి, నీరు, శత్రువు జాడ పసిగట్టి వచ్చే వేగును ఆ పేరుతో పిలిచేవారు. బ్రిటిష్ సైన్యాధికారి బేడెన్ పోవెల్, దక్షిణాఫ్రికాలోని మఫెకింగ్ పట్టణం 1899-1900లో ముట్టడిలో ఉన్నప్పుడు, అక్కడి బాలురు వార్తలు చేరవేయడం వంటి బాధ్యతలను పెద్దలకు తీసిపోకుండా నిర్వహించడం గమనించాడు. ఆ గమనింపు నుంచి ఎదిగిన ఆలోచనతో 1907 ఆగస్టులో ఇంగ్లండులోని బ్రౌన్‌సీ దీవిలో సంపన్నుల పిల్లలనూ శ్రామికుల పిల్లలనూ కలిపి సుమారు ఇరవై మందితో ఒక శిబిరం నడిపి, ఆ అనుభవంతో 1908లో 'స్కౌటింగ్ ఫర్ బాయ్స్' అనే పుస్తకం ప్రచురించాడు. పిల్లవాడికి నీతులు బోధించడం కంటే బాధ్యత అప్పగించడమే అతడిని మనిషిగా తీర్చిదిద్దుతుందన్నది ఆ పుస్తకానికి ప్రాణం. ఎల్లప్పుడూ సిద్ధంగా ఉండాలన్నది దాని నుంచి ఎదిగిన స్కౌట్ ఉద్యమ నినాదం.

అదే 1908లో, సెప్టెంబరు 28న, మూసీ ఉప్పొంగి హైదరాబాదులో వేలాది ప్రాణాలను బలిగొన్నది. ఈ రెండు సంఘటనలకూ సంబంధం లేకపోయినా, ఒకటి సన్నద్ధత లేనప్పుడు నగరానికి ఏమి జరుగుతుందో చూపగా, మరొకటి సన్నద్ధతను బాల్యం నుంచే అలవాటు చేయవచ్చునని చెప్పింది కనుక, పాతబస్తీవాసులు వీటిని కలిపి గుర్తుంచుకోవడంలో అర్థముంది. వరద తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు వెలిశాయి. అది ఇంజనీరింగ్ ఇచ్చిన జవాబు. ప్రతి గల్లీలోనూ ఆపదవేళ ఏమి చేయాలో తెలిసిన నలుగురు ఉండేలా చూడటం పౌరసమాజం ఇవ్వవలసిన జవాబు, అది ఏ తరానికి ఆ తరం కొత్తగా ఇచ్చుకోవలసిందే.

భారతదేశంలో స్కౌట్ ఉద్యమం 1909లో బెంగళూరులో మొదలైనప్పుడు దాని తలుపులు యూరోపియన్, ఆంగ్లో ఇండియన్ బాలురకే తెరుచుకున్నాయి. భారతీయ బాలురకు ఆ శిక్షణ ఇస్తే అది పాలకులపైకే తిరుగుతుందన్న భయం ఆనాడు ఉండేది. ఆ గోడను కూల్చింది ప్రభుత్వ ఉత్తర్వు కాదు, తమ కాలాన్ని పిల్లలకు ఇవ్వడానికి ముందుకొచ్చిన వయోజనులు. తరువాతి కాలంలో సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయిన వివియన్ బోస్ మధ్య పరగణాలలో భారతీయ బాలురకు స్కౌట్ శిక్షణ ప్రారంభించాడు. అనీబిసెంట్ 1916లో మద్రాసు కేంద్రంగా భారతీయులకోసం ప్రత్యేక సంఘాన్ని స్థాపించింది. ఉత్తరాదిన మదన్ మోహన్ మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ, శ్రీరామ్ బాజ్‌పాయ్ సేవాసమితి అనే సంస్థ ద్వారా అదే పని చేశారు. స్వాతంత్ర్యం తరువాత ఈ పాయలన్నీ కలిసి 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడగా, కుంజ్రూ దానికి తొలి జాతీయ కమిషనర్ అయ్యాడు. 1911లో జబల్‌పూర్‌లో మొదలైన బాలికల గైడ్ ఉద్యమం 1951 ఆగస్టు 15న అందులో విలీనమైంది.

ఈ వ్యవస్థలో వయోజనుని స్థానం ఎక్కడో తెలియాలంటే దాని నిర్మాణం కొంత తెలియాలి. ఆరు నుంచి ఎనిమిది మంది పిల్లల చిన్న జట్టును పెట్రోల్ అంటారు, దానికి నాయకుడు వారిలో ఒకడే. కొన్ని పెట్రోళ్లు కలిస్తే ట్రూప్ అవుతుంది. ట్రూప్ బాగోగులు చూసే వయోజనుడు స్కౌట్ మాస్టర్, బాలికల దళానికైతే గైడ్ కెప్టెన్. శిబిరం ఎక్కడ, తప్పు చేసినవాడిని ఎలా దిద్దాలి, చందా డబ్బు దేనికి ఖర్చు పెట్టాలి వంటి విషయాలు పెట్రోల్ లీడర్లు కూర్చునే కోర్ట్ ఆఫ్ ఆనర్‌లో, అంటే పిల్లలే నడుపుకొనే గౌరవ సభలో, తేలుతాయి. స్కౌట్ మాస్టర్ అక్కడ సలహా చెప్పవచ్చు కాని తీర్పు చెప్పకూడదు. అధికారం చేతిలో ఉండి కూడా దానిని పిల్లలకు అప్పగించి పక్కన కూర్చోవడం ఈ పద్ధతిలోని అసలు కష్టం, దాని గొప్పతనం కూడా అదే.

ఈ కష్టం ముడుల పాఠంలో అన్నిటికంటే స్పష్టంగా కనిపిస్తుంది. ఒకే లావున్న రెండు తాళ్ల కొసలను కలిపే రీఫ్ నాట్ చదునుగా ఉంటుంది, గాయానికి కట్టు కట్టినప్పుడు ఒంటికి గుచ్చుకోదు, కావలసినప్పుడు సులువుగా విడుతుంది. అయితే రెండో మెలిక తిరగవలసిన వైపు కాక మరోవైపు తిరిగితే చూపుకు ఇంచుమించు అలాగే ఉండే వేరే ముడి పడుతుంది, అది బరువు పడగానే జారిపోతుంది. పిల్లవాడు ఆ పొరపాటు చేస్తున్నప్పుడు అనుభవజ్ఞుడైన స్కౌట్ మాస్టర్‌కు అది క్షణంలో తెలిసిపోతుంది, చేయి చాచి తాడు అందుకొని సరిచేయడానికి మరో క్షణం చాలు. అలా సరిచేస్తే ముడి బాగుంటుంది కాని పిల్లవాడికి రాదు. చేతులు వెనక్కి కట్టుకొని, తాడు జారేదాకా ఆగి, ఎందుకు జారిందో పిల్లవాడే వెతుక్కునేదాకా ఓర్చుకొంటే, ఆ ముడి అతడి చేతికి జీవితాంతం గుర్తుంటుంది. కొత్తగా చేరిన సేవకుడు ఎక్కువ నేర్పాలని తొందరపడతాడు; ఇరవై ఏళ్లు పనిచేసినవాడు ఎప్పుడు ఊరుకోవాలో నేర్చుకొని ఉంటాడు. తల్లిదండ్రులకూ, అధ్యాపకులకూ, రేపు కార్యాలయాలలో పదిమందిపై పెత్తనం వహించబోయే పట్టభద్రులకూ ఈ నిగ్రహమే అన్నిటికంటే ఆలస్యంగా అబ్బే విద్య.

అయితే వెనుక నిలవడమంటే వదిలివేయడం కాదు. నిప్పు దగ్గర, నీటి దగ్గర, రైలు పట్టాల దగ్గర పిల్లవాడి పొరపాటును పాఠంగా వదిలిపెట్టే హక్కు ఏ పెద్దకూ లేదు. తప్పు ఖరీదు ఒక జారిన ముడి అయినప్పుడు ఆగడం, అది ఒక ప్రాణం అయినప్పుడు ముందుకు దూకడం, ఈ రెండింటి మధ్య గీతను తప్పకుండా గుర్తించడం సేవకుని వివేకానికి పరీక్ష. పిల్లలకు పెద్దలనుంచే కీడు కలిగే అవకాశాన్ని కూడా ఈ సందర్భంలో దాచకుండా చెప్పుకోవాలి. అమెరికాలోని బాయ్ స్కౌట్స్ సంస్థ లైంగిక వేధింపుల దావాల భారంతో 2020లో దివాలా రక్షణ కోరగా, ఆ ప్రక్రియలో 80 వేలకు పైగా బాధితులు ముందుకొచ్చారు. మన దేశంలో బాలలను లైంగిక నేరాలనుంచి కాపాడే పోక్సో చట్టం 2012లోనే వచ్చింది. ఏ పెద్దా ఏ పిల్లవాడితోనూ ఒంటరిగా ఉండకపోవడం, బాలికల శిబిరంలో మహిళా నాయకులు తప్పక ఉండటం వంటి నియమాలను తన నిజాయితీపై అనుమానంగా భావించేవాడు ఈ పనికి తగడు. పిల్లల భద్రత అందరి బాధ్యత కనుక ఆ నియమాలను తానే ముందుగా కోరేవాడే తగినవాడు.

సదుద్దేశం ఒక్కటే చాలదు కనుకనే ఈ ఉద్యమం పెద్దలకు కూడా బడి పెట్టింది. 1919లో లండన్ సమీపంలోని గిల్‌వెల్ పార్కులో స్కౌట్ మాస్టర్ల శిక్షణ మొదలై, దానిని పూర్తి చేసినవారికి తోలుదారానికి గుచ్చిన రెండు చెక్కపూసలు ఇచ్చే సంప్రదాయం ఏర్పడింది. భారతదేశంలో ఆ అర్హతను హిమాలయ వుడ్ బ్యాడ్జ్ అంటారు, మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీలో జాతీయ శిక్షణ కేంద్రం ఉంది. బంగారం కాకుండా చెక్క గుర్తుగా నిలవడంలో ఒక ఔచిత్యం ఉంది: ఈ సేవకు లభించే గౌరవం ధరించినవాడికీ, దాని అర్థం తెలిసిన కొద్దిమందికీ మాత్రమే కనిపిస్తుంది.

హైదరాబాదు పాతబస్తీలోని ఉప్పుగూడ వంటి చోట ఈ పనికి ఉన్న విలువ ప్రత్యేకమైనది. యాకుత్‌పురాకూ ఫలక్‌నుమాకూ మధ్య రైలుమార్గాన్ని ఆనుకొని పెరిగిన ఈ ప్రాంతంలో ఇళ్లు దగ్గర దగ్గరగా, గల్లీలు ఇరుకుగా ఉంటాయి, చాలా బడులకు మైదానం ఉండదు. తెలుగు, ఉర్దూ ఒకే గుమ్మం ముందు వినిపిస్తాయి. ఆషాఢంలో మహంకాళి అమ్మవారి బోనాలకూ, మొహర్రంలో దబీర్‌పురానుంచి సాగే బీబీ కా ఆలం ఊరేగింపుకూ పాతబస్తీ వీధులు కిక్కిరిసినప్పుడు, వరుసలు సరిచేసేవారు, తప్పిపోయిన పిల్లలను తల్లి ఒడికి చేర్చేవారు, సొమ్మసిల్లినవారికి నీళ్లు పట్టించేవారు ఎంత అవసరమో ఇక్కడి ప్రతి ఇంటికీ తెలుసు. స్కౌట్ అందరికీ మిత్రుడన్నది ఈ ఉద్యమ నియమాలలో ఒకటి. అమ్మవారి జాతరలో ఒక ముస్లిం బాలుడూ, మొహర్రం దారిలో ఒక హిందూ బాలికా ఒకే స్కౌట్ స్కార్ఫ్ మెడలో వేసుకొని నీళ్లు అందించగలిగిన రోజున ఆ నియమం పుస్తకం దాటి వీధిలోకి వచ్చినట్లు.  

2020 అక్టోబరు ఈ ప్రాంతానికి మరపురాని పాఠం. ఆ నెల 13, 14 తేదీల కుండపోతకు పల్లె చెరువు కట్ట తెగింది, కొద్ది రోజులకే బాలాపూర్ దగ్గరి గుర్రం చెరువు కట్ట కూడా తెగి, ఉప్పుగూడ చుట్టుపక్కల బస్తీలు నీట మునిగాయి. అలాంటి రాత్రి పెద్ద యంత్రాంగం కదిలివచ్చేలోగా గడిచే గంటలలో మనిషిని కాపాడేది పక్కింటి మనిషే. నడుముకు చుట్టి లాగినా బిగుసుకోని బోలైన్ ముడి కట్టగల చేతులు, ఏ ఇంట్లో మంచం దిగలేని వృద్ధులు ఉన్నారో ముందే తెలిసిన యువకులు, మెయిన్ స్విచ్ ఆపాలని గుర్తుండే నిబ్బరం, ఇవి ఉన్న గల్లీ ఒక రకంగా, లేని గల్లీ మరో రకంగా ఆ రాత్రిని దాటుతాయి. స్కౌట్ మాస్టర్ ఆదివారం ఉదయం పిల్లల చేత పదేపదే కట్టించే ముడికి అలాంటి రాత్రి ఒక్కసారే పని పడవచ్చు, ఎన్నటికీ పడకపోవచ్చు కూడా; అయినా ఆ ఆదివారాలు వృథా కావు.

దీర్ఘకాలం పనిచేసిన సేవకుని మనసులో సంతోషంతో పాటు కొన్ని వెలితులు కూడా మిగులుతాయి. స్కౌట్ శిక్షణలో మూడో మెట్టయిన తృతీయ సోపాన్ దాకా వచ్చి, దాని పై మెట్టయిన రాజ్య పురస్కార్ పరీక్షకు సిద్ధమవుతున్న పిల్లవాడు ఇంటి అవసరం కోసం పనిలో చేరి రావడం మానేస్తాడు. చురుకైన గైడ్ శిబిరానికి వెళ్లడానికి ఇంట్లో ఒప్పుకోరు. మూడు నెలలు శ్రమించి నిలబెట్టిన దళం ఒక వేసవి సెలవుల్లో చెల్లాచెదురవుతుంది. విత్తినవాడే కోయాలన్న లెక్క ఇక్కడ పనిచేయదు, ఎందుకంటే పిల్లలు పెరిగి ఎక్కడికో వెళతారు, నేర్చుకున్నది ఏ ఊళ్లో, ఎవరి మేలుకు ఉపయోగపడిందో నేర్పినవాడికి సాధారణంగా తెలియదు. అందువల్ల ఈ సేవలో నిలిచేవాడు ఫలితం చూసి కొనసాగేవాడు కాదు. వచ్చే వారం ఆ పిల్లలు మళ్లీ వస్తారు, అప్పటికి తాను అక్కడ ఉండాలి అన్న ఒక్క కారణంతో వెళ్లేవాడే నిలుస్తాడు. మాట ఇచ్చిన వేళకు ఉండే పెద్దమనిషి ఒకరు తమ జీవితంలో ఉన్నారన్న భరోసా కొందరు పిల్లలకు ఏ పతకం కంటే, ఏ బ్యాడ్జి కంటే పెద్దది.

నేటి పట్టభద్రులలో చాలామంది రేపటినుంచి ఉప్పుగూడ స్టేషన్‌లో ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎక్కి నగరం అవతలి అంచుదాకా ఉద్యోగాలకు ప్రయాణిస్తారు, కొందరు దేశమే దాటుతారు. అది సహజం, అభినందనీయం. అయితే చదివించిన తల్లిదండ్రులకు, బోధించిన గురువులకు తీర్చుకోవలసిన ఋణం ఉన్నట్లే, పెరిగిన గల్లీకి కూడా ఒకటి ఉంటుంది, అది డబ్బుతో తీరేది కాదు. ఏడాదికొకసారి పెద్ద మొత్తం విరాళమిచ్చి ఫొటో దిగడం కంటే, వారానికి రెండు గంటలు ఒకే చోట, ఒకే వేళకు, అదే పిల్లల మధ్య కనిపించడం కష్టమైనది కనుక విలువైనది. అది స్కౌట్ దళమే కానక్కరలేదు. సాయంత్రం బడి కావచ్చు, గ్రంథాలయం కావచ్చు, ఆటల జట్టు కావచ్చు. నియమం మాత్రం ఒకటే: శిక్షణ పొంది రావాలి, రక్షణ నియమాలకు తలవంచాలి, వేళ తప్పకూడదు, పిల్లలు చేయగలిగినది పిల్లలకే వదిలివేయాలి.

శీక్షావల్లిలోని గురువు శిష్యుడిని సాగనంపినప్పుడు ఆయన కూడా ఒక అడుగు వెనక్కి వేశాడు; తాను కట్టగల ముడిని ఇకపై శిష్యుడి చేతికే వదిలాడు. ఈ ఉదయం ఈ ప్రాంగణంలోని అధ్యాపకులు చేస్తున్నదీ అదే. వారి చేతులనుంచి తాడు అందుకుంటున్న పట్టభద్రులు దానిని గట్టిగా కట్టుదురు గాక, అది జారినప్పుడు ధైర్యం కోల్పోకుందురు గాక, కొన్నేళ్ల తరువాత ఈ గల్లీలలోనే మరో పిల్లవాడి పక్కన నిలబడి, చేతులు వెనక్కి కట్టుకొని, అతడు కట్టే ముడికోసం ఓపికగా ఎదురుచూతురు గాక.

శుభం.