కొత్త మాడల్ వచ్చేదాకా

(దెగ్లూరు తెలుగువారి ఉగాది సభలో చదవడానికి వ్రాసిన ప్రసంగం)



శ్రీ పరాభవ నామ సంవత్సరం వస్తున్నది. పేరు విని ఎవరూ దిగులు పడనక్కరలేదు. క్రిందటి పరాభవ 1966లో వచ్చింది. అప్పుడూ వర్షాలు పడ్డాయి, పెళ్లిళ్లు జరిగాయి, ఈ ఊరి అంగడిలో బేరాలు సాగాయి.

ఉగాది సభలో భాషను గురించో, పండుగ విశేషాలను గురించో మాట్లాడడం మన ఆచారం. నేను మాత్రం ఈసారి ఒక కారును గురించి మాట్లాడదలచాను. దీనికి పండుగతో సంబంధం లేదని అనుకోకండి. మనకు ఉగాది అయిన రోజే మన మరాఠీ సోదరులకు గుడి పాడ్యమి. వారు ముహూర్తం చూడనక్కరలేని రోజులు మూడున్నర అంటారు. గుడి పాడ్యమి, అక్షయ తృతీయ, దసరా పూర్తివి, దీపావళి మరునాటి బలిపాడ్యమి సగం. ఈ గడ్డమీద ఉన్నందుకు మనం కూడా ఆ లెక్కలో పడిపోయాం. ఇంట్లో వేపపువ్వు పచ్చడి తిని, బయటికి వచ్చి బంతిపూల దండ కట్టిన కొత్త బండికి కొబ్బరికాయ కొట్టడం మనకు మామూలైంది. అందుచేత పాడ్యమి దగ్గరపడుతున్నదంటే ప్రతి ఇంట్లోనూ ఒక ప్రశ్న లేస్తుంది: ఇప్పుడే కొందామా, ఆగుదామా?

నెల రోజుల క్రితం మా వీధి కుర్రవాడు ఒకడు వచ్చి సరిగ్గా ఇదే అడిగాడు. "కాకా, థార్ ఇప్పుడే తీస్కోవాల్నా, కొత్త మాడల్ వచ్చేదాక ఆగాల్నా?" అన్నాడు. విత్తనాల దుకాణం నడుపుతున్నాడు, నాలుగు డబ్బులు కూడబెట్టాడు. మూడు తలుపుల థార్ మీద మనసు పడింది. దాన్ని వాడు స్పోర్ట్స్ కారు అంటాడు. నిజానికి స్పోర్ట్స్ కారంటే ఇద్దరు కూర్చుని నేలను రాసుకుంటూ పోయే బండి. అది మన బస్టాండు ముందరి గతుకుల మీదికి వస్తే పొట్ట అక్కడే వదిలి వెళ్లవలసి వస్తుంది. కాబట్టి దెగ్లూరుకు థారే స్పోర్ట్స్ కారు అని నేనూ ఒప్పుకున్నాను.

వాడి సందేహం అర్థం లేనిది కాదు. ఈ థార్ 2020 అక్టోబరు 2న అంగడిలోకి వచ్చింది. 2024 ఆగస్టు 15న ఐదు తలుపుల రాక్స్ వచ్చింది. దానికి ఆ అక్టోబరు 3న బుకింగులు తెరిస్తే మొదటి గంటలోనే 1,76,218 వచ్చాయని కంపెనీవారు ప్రకటించారు. 2025 ఆగస్టు 15న ముంబయిలో విజన్ టీ అని మరొక రూపాన్ని ప్రదర్శనకు పెట్టారు. దాని బొమ్మ మనవాడి సెల్‌ఫోనులో ఉంది. బండి కొనబోతాడు, బొమ్మ చూస్తాడు, ఆగిపోతాడు.

1966లో ఈ బాధ లేదు. అప్పుడు మన దేశంలో కారు కొనదలచినవాడి ముందున్నవి ముఖ్యంగా మూడు: అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్ హెరాల్డ్. కొత్త రూపు సంగతి దేవుడెరుగు, డబ్బు కట్టి వంతు కోసం ఏళ్ల తరబడి కాచుకోవలసి వచ్చేది. అంబాసిడర్ అయితే పై రూపు పెద్దగా మారకుండానే 2014 దాకా నడిచింది. స్కూటరు సంగతీ అంతే. చేతక్ కోసం పేరు వ్రాయించి, కొడుకు పుట్టిననాడు కట్టిన డబ్బుకు వాడు బడికి పోయేనాటికి బండి తెచ్చుకున్నవారు మన పెద్దలలో ఉన్నారు. ఆనాటివారు దొరికేదాకా ఆగారు. మనం, దొరుకుతున్నా ఆగుతున్నాం.

ఈ కొత్త జబ్బుకు పుట్టిల్లు అమెరికా. అక్కడ హెన్రీ ఫోర్డు 1908 నుంచి 1927 దాకా ఒకే మాడల్ టీ కారును ఒకటిన్నర కోటి చేసి అమ్మాడు. ఇరవయ్యో దశకంలో జనరల్ మోటార్స్ అధిపతి ఆల్ఫ్రెడ్ స్లోన్ మరొక దారి తొక్కాడు. ఏటేటా రూపు కొంచెం మార్చి, నిరుడు కొన్న కారు పాతదని కొన్నవాడికే అనిపించేటట్టు చేశాడు. ఫోర్డు చివరకు 1927 మే నెలలో పాత కారు ఆపివేశాడు. కొత్త మాడల్ ఏ బయటికి వచ్చేసరికి డిసెంబరు అయింది. ఆ మధ్యలో లక్షలమంది కొనకుండా కాచుకున్నారు. మరికొందరు కాచుకోలేక షెవ్రొలే కొనుక్కున్నారు. ఆ సంవత్సరం అమ్మకాలలో షెవ్రొలే ఫోర్డును దాటింది. అంటే, ఆగాలా వద్దా అనే ప్రశ్న మన తలలో తనంతట పుట్టినది కాదు, వందేళ్లనాడు వ్యాపారులు నాటిన విత్తనం. ఇది తెలుసుకుంటే సగం మత్తు దిగుతుంది.

అయితే ఆగడం ఎప్పుడూ తెలివితక్కువ అని నేననను. "నిదానమే ప్రధానం" అన్నది మనవారే, "ఆలస్యం అమృతం విషం" అన్నదీ మనవారే. ఏది ఎప్పుడో తెలియాలి.

ఆగి బాగుపడినవారిని మొన్ననే చూశాం. 2025 ఆగస్టు 15న ప్రధానమంత్రి జీఎస్టీ తగ్గిస్తామన్నారు. సెప్టెంబరు 3న కౌన్సిలు నిర్ణయించింది. సెప్టెంబరు 22 నుంచి అమలైంది. చిన్న పెట్రోలు కారుమీద సెస్సుతో కలిపి 29 శాతం ఉన్న పన్ను 18 శాతానికి దిగింది. పన్ను లేకుండా ఆరు లక్షల కారును తీసుకోండి. మునుపు 7,74,000 అయ్యేది, తర్వాత 7,08,000 అయింది. అయిదు వారాలు ఆగినవాడికి 66,000 మిగిలాయి. ఇక్కడ ఒక విశేషం గమనించాలి. సెప్టెంబరు 3 తర్వాత ఆగినవాడికి తారీఖు తెలుసు, ఎంత మిగులుతుందో తెలుసు. అటువంటి ఆగడం వ్యవసాయం వంటిది. తారీఖు లేకుండా, లెక్క లేకుండా ఎదురుచూడడం జూదం వంటిది.

మార్పులోనూ రెండు రకాలు ఉన్నాయి. దీపాలు, ముందరి జాలీ, సీట్ల గుడ్డ, లోపలి తెర మార్చి కొత్తది అనడం ఒకటి. చట్రం, ఇంజను, భద్రత సాధనాలు మార్చడం రెండవది. మొదటిదాని కోసం ఆగడం దండగ. రెండవదాని కోసం ఆగవచ్చు గాని, మొదటి ఏడాది వచ్చే బండ్లలో చిన్న చిన్న లోపాలు బయటపడడం, అవి తర్వాత సర్దుకోవడం ఈ పరిశ్రమలో మామూలే. కొత్తది తప్పక మేలైనదనీ కాదు. జర్మనీవారి పోర్షె 911 అసలైన స్పోర్ట్స్ కారు. దాని ఇంజనును గాలితో చల్లబరిచే పద్ధతి 1998తో ముగిసి, నీటితో చల్లబరిచే కొత్త రకం వచ్చింది. కొన్నాళ్లకు జనం పాతదాన్నే వెదకి వెదకి ఎక్కువ ధర పెట్టి కొంటున్నారు.

డిసెంబరులో పాత సరుకు తగ్గింపు ధరకు ఇస్తారు. తీసుకోవచ్చు. కాని ఆర్‌సీ పుస్తకంలో తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. రేపు అమ్మబోయేటప్పుడు జనవరి దాటగానే అది నిరుటి బండి. నాలుగైదేళ్లలో అమ్మేవాడికి ఆ తగ్గింపు అక్కడే పోతుంది. పదేళ్లు ఉంచుకునేవాడికి లాభమే. బీమావారి లెక్క ప్రకారం కూడా కారు విలువలో ఆరు నెలలకు 5, ఏడాదికి 15, అయిదేళ్లకు 50 శాతం కోసేస్తారు. కనుక పాత మాడల్ కొన్నా, కొత్త మాడల్ కొన్నా అరిగిపోవడం తప్పదు.

ఇంతవరకు లెక్కలు చెప్పాను. ఇక నా సొంత సంగతి ఒకటి మనవి చేసుకుంటాను. ఇది నేను ఇంతవరకు సభలో చెప్పినది కాదు.

మా నాయనగారిది బిచ్కుంద వైపు పల్లె. 1956 నవంబరు 1కి ముందు బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు మన దెగ్లూరు తాలూకాలోనివే. రాష్ట్రాలు పంచినప్పుడు అవి అటు పోయాయి, తాలూకా కచేరి ఇటు మిగిలింది. నాయనగారు బతుకుతెరువుకు ఇక్కడే నిలబడ్డారు. చివరి రోజులలో మోకాళ్లు పట్టుకుపోయి బస్సు మెట్లు ఎక్కలేకపోయేవారు. "ఒక్కసారి ఊరికి తీస్కపో రా, పొలం గట్టు మీద కూసోని వస్త" అనేవారు. "కారు తీసుకుంటున్నాను గదా బాపూ, దాంట్లోనే పోదాం" అనేవాణ్ణి.

2019 దసరాకు నా చేతిలో డబ్బు సిద్ధంగా ఉంది. అప్పుడు దేశమంతా ఒకే మాట. 2020 ఏప్రిల్ 1 నుంచి భారత్ స్టేజ్ 6 ప్రమాణాల బండ్లు మాత్రమే అమ్మాలి, పాత నాలుగో ప్రమాణం బండ్లకు రిజిస్ట్రేషన్ ఉండదు. పెట్రోలులో గంధకం పది లక్షల భాగాలకు 50 నుంచి 10కి దిగుతున్నది. తెలిసినవాళ్లు అందరూ "ఆరు నెలలు ఆగు, కొత్త ఇంజను వస్తుంది" అన్నారు. సలహా మంచిదే. తారీఖు ఉంది, కారణం ఉంది. ఇందాక నేను చెప్పిన నియమాలన్నీ సరిపోయాయి. పాడ్యమి ముహూర్తానికి తెచ్చుకుందామని నిశ్చయించాను.

2020లో ఉగాది మార్చి 25న వచ్చింది. ఆ రోజే దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. షోరూముకు తాళం. మద్నూరు దగ్గర సరిహద్దులో రాకపోకలు నిలిచిపోయాయి. మనం పాలకూ పెళ్లికీ రోజూ దాటే గీత, ఉన్నదని కూడా గుర్తుండని గీత, ఆ వేసవిలో గోడ అయి కూర్చుంది. ఆ శ్రావణంలో నాయనగారు కాలం చేశారు. కారు బలిపాడ్యమికి వచ్చింది. మంచి కారే. ఇప్పటికీ నడుపుతున్నాను.

చాలాకాలం నేను కారు ఆలస్యం చేసినందుకు బాధపడ్డాను. తర్వాత నెమ్మదిగా ఆలోచిస్తే నా తప్పు అది కాదని తెలిసింది. కారు కోసం ఆగడంలో తప్పు లేదు. కారుతోపాటు నాయనగారి ప్రయాణాన్ని కూడా ఆపడం తప్పు. ఆ దసరాకు ఒక జీపు కిరాయికి మాట్లాడుకుంటే, పొద్దున పోయి సాయంత్రానికి తిరిగి వచ్చేవాళ్లం. డబ్బు సమస్య కాదు, సమయం సమస్య కాదు. సొంత కారులో తీసుకుపోవాలన్న నా ముచ్చట ఆయన ముచ్చటకు అడ్డుపడింది.

అందుకే ఆ కుర్రవాణ్ణి కూర్చోబెట్టి, బండి సంగతి పక్కన పెట్టి, "ఈ కారు వస్తుందని ఇంట్లో ఏ పని ఆగి ఉంది?" అని అడిగాను. కొంచెం తడబడి చెప్పాడు. వాళ్లక్క కొడుక్కు బాసరలో అక్షరాభ్యాసం చేయించాలని వాళ్లమ్మ ఏడాదిగా అడుగుతున్నదట. "కొత్త బండిలో పోదామని ఆపిన కాకా" అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

తర్వాత కాగితం తీసి లెక్క వేశాం. పది లక్షలు అప్పు, 9 శాతం వడ్డీ, అయిదేళ్లు అంటే నెలకు కిస్తు సుమారు 20,760. "ఇవాళ్టినుంచి బండి కొన్నట్టే అనుకుని నెలకు 20,000 బ్యాంకులో వేయి. ఏడాదికి 2,40,000 అవుతాయి. అప్పుడు అప్పు 7,60,000 చాలు, కిస్తు 15,780కి దిగుతుంది, వడ్డీలో దాదాపు 59,000 మిగులుతుంది. ధర కొంత పెరిగినా నీకు నష్టం లేదు. అన్నిటికంటె ముఖ్యం, విత్తనాలు అమ్ముడుపోని నెలలో కూడా నువ్వు ఆ కిస్తు కట్టగలవో లేదో ఏడాదిలో నీకే తెలిసిపోతుంది" అన్నాను. "ఆగితే నీ డబ్బు కోసం ఆగు, వాళ్ల బొమ్మ కోసం ఆగకు. వచ్చే ప్లవంగ ఉగాదికి అంగడిలో ఏ మాడల్ ఉంటే అది తీసుకో. ఆ మరునాడు కొత్తది వచ్చినా తల తిప్పి చూడకు."

వాడు ఒప్పుకున్నాడో లేదో ఇప్పుడే చెప్పలేను. ఇరవై అయిదేళ్ల వయస్సు, చేతిలో బొమ్మ. ఈ పాడ్యమికే దండ కట్టిన థార్ మన వీధిలోకి వస్తే నేనే ముందు పోయి కొబ్బరికాయ కొడతాను. సంపాదించుకున్నవాడు ముచ్చట తీర్చుకుంటే తప్పేమిటి? కాని బాసర మాట మాత్రం విన్నాడు. మరుసటి వారమే కిరాయి బండి మాట్లాడి, తల్లినీ అక్కనూ పిల్లవాడినీ తీసుకువెళ్లి వచ్చాడు. ప్రసాదం మా ఇంటికి పంపాడు.

సోదరులారా! మన ఇళ్లలో కూడా ఇటువంటి పనులు ఉంటాయి. ఇల్లు కట్టిన తర్వాత పిలుద్దామనుకున్న చుట్టం, బండి వచ్చాక పోదామనుకున్న ఊరు, కొత్తది కొన్నాక చేద్దామనుకున్న పని. కొనవలసినవి ఆగవచ్చు, వాటికి ఏటా మూడున్నర ముహూర్తాలు వస్తాయి. ఆ పనులను మాత్రం ఈ పండుగ నాడు ఒక్కసారి లెక్క చూసుకోండని కోరుతున్నాను.

అందరికీ పరాభవ నామ సంవత్సర శుభాకాంక్షలు. సెలవు.