బాటయు బసయు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



ప్రయాణమునకు రెండు కన్నులు. ఒకటి పగలు నడచిన బాట, రెండవది రాత్రి తలదాచుకొనిన బస. ఈ రెంటిని తెలుగున శ్రద్ధతో వ్రాసియుంచిన పెద్ద ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీముకోర్టులో దుబాసీగా నుండిన ఆయన 1830 మే 18వ తేదీన పరివారసమేతముగా కాశికి బయలుదేరి, హైదరాబాదు, నాగపురముల మీదుగా పోయి, 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగి ఇల్లు చేరెను. ఏ యూర సత్రమున్నదో, ఎచ్చట మంచినీరు దొరకునో, ఏ బాట సుగమమో తన వెనుక వచ్చువారికొరకు వ్రాసెను. అది 1838లో కాశీయాత్రచరిత్రయను పేర అచ్చైనది.

నేడు బస యొక విలాసమైనది. హైదరాబాదున పైగా ప్రభువు వికారుల్‌ ఉమరా 1884లో పునాది వేసిన ఫలక్‌నుమా మహలు 2010 నుండి హోటలుగా నడచుచున్నది. అచ్చటి భోజనపుబల్లకు 101 మంది ఒకేసారి కూర్చుండవచ్చును. పైకము గలవాడు ప్రభువుల గదులలో నిద్రించుటలో తప్పులేదు. కాని బస యెంత గొప్పదైనను, బాట దాని గుమ్మమునకు వెలుపలనే యున్నది.

ఆ బాట సిద్దిపేట మీదుగా ఉత్తరముగా సాగి సిరిసిల్ల చేరును. మగ్గముల చప్పుడే ఆ యూరి స్వాగతము. దాపుననే వేములవాడ. కోడెమ్రొక్కు చెల్లింపవచ్చిన భక్తులకు సత్రములును, దేవస్థానపు గదులును బస. రాజన్న గుడి ప్రాంగణమున దర్గాయు కలదు. పదవ శతాబ్దమున ఇది చాళుక్యుల రాజధాని. రెండవ అరికేసరి కొలువున పంపకవి కన్నడమున విక్రమార్జునవిజయమును రచించెను. ఆయన తమ్ముడు జినవల్లభుడు గంగాధర సమీపమున కురిక్యాల గుట్టమీద తెలుగు కందపద్యములను శిలపై చెక్కించెను. అన్న కన్నడమున కావ్యము చెప్పగా, తమ్ముడు నన్నయకు శతాబ్దము ముందే తెలుగు పద్యమును రాతికప్పగించినాడు!

వేములవాడనుండి కోరుట్లకు పోవచ్చును. అచ్చట పాతకాలపు మెట్ల కోనేరు కలదు. అచటినుండి జగిత్యాల. 1747లో జఫరుద్దౌలా ఫ్రెంచి యింజనీర్లచేత కట్టించిన కోట నక్షత్రాకారమున నిలిచియున్నది. కోణములు ముందుకు చొచ్చుకొనియుండుటచే ఒక బురుజుపైనుండి రెండవ బురుజు పాదమును కాచుకొనవచ్చును; శత్రువు గోడక్రింద నక్కుటకు మరుగుండదు. ఇంకను ముందుకు పోయిన ధర్మపురి నరసింహుడు, గోదావరి. ఆపైన శాతవాహనుల నాణెములు దొరకిన కోటిలింగాల.

ఇన్నియు ఒకటి రెండు దినముల ప్రయాణములోనివి. అయినను దూరపు బాటసారి వచ్చి, "ఈ కోట ఎవరు కట్టించిరి? ఈ గుట్టమీది వ్రాత యేమి?" అని యడిగినచో, ఊరివారిలో ఎందరు బదులు చెప్పగలరు? కరీంనగర ప్రాంతపు రాయి కోతకు లోనై దేశాంతరములకు ఓడలెక్కిపోవుచున్నది. రాతి వెల తెలిసినవారు చాలమంది; రాతిపై వ్రాత వెల తెలిసినవారు కొలదిమంది. ఎవ్వరును ఎరుగని శాసనమునకు కావలివాడుండడు. అది పోయిన దినమున పోయినదని చెప్పువాడును ఉండడు.

కావున ఇరువదియైదేండ్లు నిండిన గ్రంథాలయమునకు ఒక చిన్న పని తగియున్నది. బల్లమీద నొక నోటుపుస్తక ముంచవలెను. చుట్టుపట్ల కోట, కోనేరు, గుడి, దర్గా, శాసనము ఎచ్చట నున్నవో, బాట యెటులో, బస యెచ్చటో, నీరెచ్చటో చూచివచ్చిన ప్రతి చందాదారుడును అందు వ్రాయవలెను. పిల్లలు ఏటికొకమారైనను వానిని కన్నులార చూచిరావలెను.

వీరాస్వామయ్య చేసినది ఇంతకన్న వేరుకాదు. ఆయన దిగిన సత్రములు ఎన్ని మిగిలినవో కాని, ఆయన పుస్తకము మిగిలినది. అతిథికి మెత్తని పరుపు వేయగల ఊళ్లు పెక్కు కలవు. తన కథ తాను చెప్పగల ఊరే అతిథికి నిజమైన బస.